చెవులపిల్లుల కవి

మా కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు కుందేలును చెవులపిల్లి అంటాం. బడి పుస్తకంలో కుందేలు, ఇంటికొస్తే చెవులపిల్లి. ఈ సంచికకు చనిపోయిన ఒక ప్రముఖుడి జీవితం రాయాలని క్లబ్‌లో అనుకున్నప్పుడు మనవాళ్లు శాస్త్రవేత్తలను, ఉద్యమ నాయకులను పంచుకున్నారు. నేను ఒక చెవులపిల్లుల కవిని తీసుకున్న. నవ్వకండి. పూర్తిగా చదివాక మీరే చెప్పండి.

ఆయన పేరు విలియం కూపర్. స్పెల్లింగ్ చూసి చాలామంది కౌపర్ అని చదువుతారు కానీ వాళ్ల ఇంట్లో పలికింది కూపర్ అనే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో అందరికీ తెలిసిన కవి. అదుపు తప్పిన గుర్రం మీద ఊర్లు దాటిపోయే జాన్ గిల్పిన్ కథను నవ్వులాటగా రాసింది ఈయనే. మన తాతల కాలం ఇంగ్లిష్ రీడర్లలో ఈయన పద్యాలు ఉండేవి. జేన్ ఆస్టెన్‌కు చాలా ఇష్టమైన కవి. కానీ నేను ఈయన దగ్గరికి సాహిత్యం దారిలో రాలేదు, చెవులపిల్లి దారిలో వచ్చిన. పోరగాళ్ల చేతుల్లో నలిగి చిక్కిపోతున్న ఒక పెంపుడు పిల్లను తీసుకుని దాదాపు పన్నెండేండ్లు సాకి, ఏం పెట్టిండో, ఎట్ల ఉంచిండో, ఏది ఎట్ల ప్రవర్తించిందో రాసి పత్రికకు పంపిన మనిషి ఈయన. 1784లో!

బకిల్స్ మాత్రమే గుర్తున్న పిల్లాడు

కూపర్ 1731లో లండన్‌కు కొంత దూరంలో ఉన్న బెర్క్‌హామ్‌స్టెడ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చిలో పాస్టర్. ఏడుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది ఇద్దరే. విలియం, ఆఖరివాడు జాన్. జాన్ పుట్టిన కొద్ది రోజులకే 1737లో తల్లి పోయింది. విలియంకు అప్పటికి ఆరేండ్లు నిండుతున్నాయి. యాభై ఏండ్లు దాటినంక, 1790లో, ఒక చుట్టం ఆమె చిత్రపటం పంపిస్తే దాని మీద ఆయన రాసిన పద్యం చదివితే ఆ దుఃఖం ఒక్కరోజు కూడా పాతబడలేదని అర్థమైతది.

తల్లి పోయినంక హాస్టల్ బడిలో వేశారు. అక్కడ పదిహేనేండ్ల పెద్ద పిల్లాడొకడు ఈ ఆరేండ్ల వాడిని పనిగట్టుకుని సతాయించేవాడు. ఆ భయం ఎంతటిదంటే, తలెత్తి వాడి మొహం చూసే ధైర్యం ఉండేది కాదట. వాడి బూట్లకుండే బకిల్స్ చూసి వాడొస్తున్నాడని గుర్తుపట్టేవాడు. ర్యాగింగ్ అనే మాట మన హాస్టళ్ల గోడల మీద పోస్టర్ల రూపంలో కనబడుతది గదా, దాన్ని ఇంతకంటే బాగా చెప్పిన వివరం నాకు ఎక్కడా దొరకలేదు. తర్వాతి కాలంలో నిస్సహాయమైన ప్రాణి ఏది కనబడినా ఆయన ఆగిపోవడానికి వేరు ఇక్కడే ఉన్నదని నాకనిపిస్తది.

అక్కడి నుంచి లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్‌కు పోయాడు. అక్కడ ఆయనతో పాటు చదువుకున్న వాళ్లలో వారన్ హేస్టింగ్స్ ఒకడు. అవును, మన చరిత్ర పుస్తకంలోని బెంగాల్ గవర్నర్ జనరల్ హేస్టింగ్సే. ఒకే బడిలో చదివిన ఇద్దరిలో ఒకరు సముద్రం దాటి రాజ్యం ఏలితే, ఇంకొకరు చిన్న ఊళ్లో చెవులపిల్లులకు పెట్టెలు చేసుకుంటూ గడిపాడు.

ఒక వైవా, ఒక పతనం

ఇంట్లోవాళ్లు లా చదవమన్నారు. చదివాడు, కానీ మనసు పెట్టలేదు. చిన్నాన్న కూతురు థియోడోరాను ప్రేమించాడు. ఆమె తండ్రి ఒప్పుకోలేదు. అది అక్కడితో తెగిపోయింది. ఆమె గానీ ఈయన గానీ జీవితాంతం పెండ్లి చేసుకోలేదు.

1763లో ముప్పై ఒకటో ఏట ఒక ఉద్యోగం ఇంటి తలుపు తట్టింది. బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో రికార్డులు చూసుకునే గుమాస్తా పని. చుట్టాల పలుకుబడితో వచ్చేది. అయితే రాజకీయ గొడవ లేచి, అభ్యర్థి సభ ముందుకు వచ్చి తన అర్హత నిరూపించుకోవాలన్నారు. మన భాషలో చెప్పాలంటే వైవా. నెలల తరబడి రోజూ ఆఫీసుకు పోయి పాత రికార్డులు ముందేసుకుని కూర్చునేవాడు. అక్షరం ఎక్కేది కాదు. పరీక్ష తేదీ దగ్గరపడే కొద్దీ లోపల ఏదో కూలిపోయింది. ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించి బతికాడు. ఉద్యోగం పోయింది. ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆ రోజుల్లో పిచ్చాసుపత్రులంటే గొలుసులు, దెబ్బలు. అదృష్టం కొద్దీ కాటన్ దయగల మనిషి, తానూ కవిత్వం రాసేవాడు. ఏడాదిన్నర తర్వాత కూపర్ తేరుకుని బయటికి వచ్చాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా. మన బ్యాచుల్లో కూడా వైవాల ముందర, ప్లేస్‌మెంట్ల ముందర, బ్యాక్‌లాగ్‌ల నడుమ ఇట్లాంటి గడ్డు రాత్రులు గడిపేవాళ్లున్నారు. 1763లో కూపర్‌కు లేనిది ఒకటి మనకున్నది. టెలిమానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసలు అక్కర్లేదు. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. మీకు కాకపోతే మీ రూమ్మేట్‌కు పనికొస్తది.

ఓల్నీ అనే చిన్న ఊరు

బయటికొచ్చినంక కూపర్ హంటింగ్‌డన్‌లో అన్విన్ అనే పాస్టర్ ఇంట్లో అద్దెకు దిగాడు. కొద్ది రోజుల్లోనే ఆ కుటుంబంలో మనిషై పోయాడు. 1767లో పాస్టర్ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన భార్య మేరీ అన్విన్, కూపర్, ఓల్నీ అనే ఊరికి మారారు. లేసు అల్లి బతికే పేదలు ఎక్కువగా ఉన్న ఊరు అది. అక్కడి చర్చిలో పనిచేసే జాన్ న్యూటన్ వీళ్లను రమ్మన్నాడు. ఈ న్యూటన్ ఒకప్పుడు బానిసలను మోసుకెళ్లే ఓడకు కెప్టెన్. తర్వాత మారి, ఆ వ్యాపారానికే ఎదురు నిలిచినవాడు. కూపర్, న్యూటన్ కలిసి రాసిన భక్తి గీతాల పుస్తకం 1779లో వచ్చింది. ప్రపంచమంతా పాడే అమేజింగ్ గ్రేస్ న్యూటన్ రాసినది, ఆ పుస్తకంలోదే.

కానీ పుస్తకం రాకముందే, 1773 జనవరిలో, కూపర్ మళ్లీ కూలిపోయాడు. దేవుడు తనను శాశ్వతంగా వెలివేశాడన్న నమ్మకం ఒక కలతో మొదలై లోపల పాతుకుపోయింది. ఆ నమ్మకం ఆయనను చచ్చేదాకా వదలలేదు. గుడికి పోవుడు మానేశాడు. మేరీ చేతి తిండి కూడా అనుమానించే స్థితి. ఏడాదికి పైగా న్యూటన్ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. 1774లో తన ఇంటికి తిరిగొచ్చేసరికి చదవలేడు, రాయలేడు, పదిమందిలో కూర్చోలేడు. చేతులకు ఏదో ఒక పని ఉంటేనే బుర్ర కాస్త ఊరుకునేది.

పోరగాళ్ల చేతిలో చెవులపిల్లి

ఆ ఎండాకాలంలోనే పక్కింటి పిల్లలకు ఎవరో ఒక చెవులపిల్లి పిల్లను ఇచ్చారు. మూడు నెలల వయసుది. పిల్లలకు దాన్ని ఆడించుడు, సతాయించుడు తెలుసు గానీ తిండి పెట్టుడు తెలవదు. తొందరగానే మోజు తీరింది. అది రోజురోజుకు చిక్కిపోవడం చూసి వాళ్ల నాయిన, ఈ ఖాళీగా కూర్చున్న పెద్దమనిషికి ఇస్తే దానికి దారి, ఈయనకు పొద్దుపోత అనుకుని తెచ్చిచ్చాడు. కూపర్ తీసుకున్నాడు.

ఈ వార్త ఊరంతా పాకింది. ఇంకేం, ఎవరి పొలంలో పిల్ల దొరికినా తెచ్చి ఈయన గుమ్మంలో పెట్టుడు మొదలుపెట్టారు. అన్నీ తీసుకుంటే ఇల్లు సరిపోదు. మూడింటితో ఆగాడు. వాటికి పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. ఆడపేర్ల లెక్క వినిపించినా మూడూ మగవే.

మొదట చేసిన పని వడ్రంగం. ఒక్కోదానికి ఒక్కో గది ఉండే పెట్టె తయారు చేశాడు. మన సివిల్, మెకానికల్ మిత్రులు ఆ డిజైన్ గమనించండి. కింద అడుగున మలమూత్రాలు దిగిపోయే ఏర్పాటు, దాని కింద మట్టి పాత్ర. రోజూ పాత్ర తీసి కడిగి మళ్లీ పెట్టుడు. అందుకే ఆ ఇంట్లో వాసన లేదు, పురుగు లేదు. పొద్దంతా హాల్లో తిరిగేవి. రాత్రి అయితే ఎవరి పెట్టెలోకి అది పోయేది, ఒకదాని పక్క మీదికి ఇంకోటి పోయేది కాదట. సాయంత్రం భోజనాలైనంక ముందు గదిలోకి వదిలేవాడు. అక్కడ కార్పెట్ ఉండేది కాబట్టి కాళ్లకు పట్టు దొరికి ఎగిరి దుంకేవి.

ఆయన పత్రికకు రాసిన దానిలో నాకు అన్నిటికంటే నచ్చింది, చెవులపిల్లులన్నీ ఒకటే అనుకోకపోవడం. దేని గుణం దానిదే, దేని మొహం దానిదే అని ఆయన గట్టిగా నమ్మాడు.

పస్ తొందరగా మచ్చికైంది. ఒడిలోకి దుంకేది, వెనక కాళ్ల మీద లేచి ఆయన కణతల దగ్గరి వెంట్రుకలు కొరికేది, మోకాలి మీదే నిద్రపోయేది. ఒకసారి మూడు రోజులు జబ్బు చేసింది. జబ్బుపడ్డ దాన్ని మిగతావి హింసిస్తాయి కాబట్టి విడిగా పెట్టి, రకరకాల ఆకులు తినిపించి బతికించాడు. లేచినంక అది ఆయన చేయి నాకింది. ముందు చేతి వెనక, తర్వాత అరచేయి, తర్వాత ఒక్కో వేలు, ఆపై వేళ్ల సందులు. ఒక్క చోటు కూడా వదలొద్దన్నట్టు. ఆ తర్వాత బతికిన అన్నేండ్లలో మళ్లీ ఒకేసారి, అదీ ఇట్లాంటి జబ్బు నుంచి లేచినప్పుడే అట్ల చేసిందట. పొద్దున టిఫిన్ అయినంక తోటలోకి తీసుకపోతే దోస తీగ ఆకుల కింద చల్లగా పడుకునేది. అది అలవాటై, తోటకు పోదామని ఆయన మోకాలి మీద ముందు కాళ్లతో దరువు వేసేది. వినకపోతే కోటు అంచు పట్టి గుంజేది.

టైనీ దీనికి పూర్తిగా ఉల్టా. దానికీ జబ్బు చేసింది, దానికీ అంతే సేవ చేశాడు. ఏం లాభం లేదు. ముట్టుకోబోతే గుర్రుమనేది, ముందు కాళ్లతో కొట్టేది, ఎగిరి కొరికేది. ఆ కోపంలో కూడా ఒక తమాషా ఉండేదని ఆయన మురిసిపోయాడు. బెస్ అసలు మొదటి రోజు నుంచే భయం లేనిది, మంచి బలం గలది. ఒకసారి ఇంటి పిల్లి దాని చెంప మీద పంజాతో తడితే, పిల్లి వీపు మీద దబదబా దరువేసింది. పిల్లి పారిపోయి దాక్కున్నది. పాపం బెస్ ఎక్కువ కాలం బతకలేదు. కడిగిన పెట్టె సరిగ్గా ఆరకముందే అందులోకి పోయినందుకు ఆ తడికి చనిపోయిందని కూపర్ రాసుకున్నాడు.

అప్పటి సంగతి, ఇప్పటి సంగతి

ఈ వివరాలు నాకు ఎందుకు పట్టుకున్నాయో చెప్పాలి. పోయినేడు ఎండాకాలం కరీంనగర్‌లో మా పక్క బిల్డింగు డాబా మీద రేకుల కింద ఒక పంజరం కనబడింది. అందులో తెల్ల కుందేలు. అంగడిలో జత కొంటే ఒకటి అప్పటికే పోయిందట. పిల్లలకు మోజు తీరి రెండు నెలలైంది. మిగిలిన అన్నం, బిస్కెట్లు వేసేవాళ్లు. మే నెల, మన కరీంనగర్ ఎండ, పైన రేకులు. మా నాయినమ్మ పోయి ఆ ఇంటి ఆమెతో మాట్లాడితే, తీసుకపో పెద్దమ్మా, మాకూ పాపమే అనిపిస్తున్నదని పంజరంతో సహా ఇచ్చేసింది. బాపు బండి మీద పశువుల దవాఖానకు తీసుకపోయినం. ముందు పండ్లు వంకర తిరిగి నోట్లోకి పెరిగినయి. అందుకే అది తినలేకపోయింది. డాక్టర్ సార్ పండ్లు కత్తిరించి, గోర్లు తీసి, ఇగ అన్నం బంద్ చేసి ఎండుగడ్డి పెట్టమన్నడు. నాయినమ్మ దానికి బంతి అని పేరు పెట్టింది. పస్ మాదిరి కాదు, టైనీ బాపతు. ఎత్తుకోబోతే ఇప్పటికీ తంతది.

కూపర్ రాసిన సంగతులను డాక్టర్ సార్ చెప్పినవాటి పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యమైతది. రెండు వందల నలభై ఏండ్ల కింద, ఏ వెటర్నరీ పుస్తకం లేకుండా, కేవలం చూసి చూసి ఆయన చాలా మటుకు సరిగ్గా పట్టుకున్నాడు. గడ్డి, పచ్చి ఆకులు ముఖ్యమని గుర్తించాడు. ఈ జాతి పండ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. అన్నం, బిస్కెట్లు తింటే పండ్లు అరగవు, పొట్ట కూడా చెడిపోతది. శుభ్రత, పొడి పక్క, దాక్కోవడానికి చాటు, పరుగెత్తడానికి జాగ ఉండాలని గమనించాడు. ఇవి ఈ రోజుకీ మొదటి పాఠాలే.

కొన్ని ఇప్పుడు మారాయి. ఆయన రొట్టె తప్పకుండా పెట్టాలనుకున్నాడు. ఇప్పుడు వద్దంటారు. క్యారెట్ కూడా తీపి ఎక్కువ, అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. అవి ఆవు లెక్క నెమరు వేస్తాయనుకున్నాడు. నిజానికి అవి విసర్జించే మెత్తటి గోలీలను మళ్లీ తినేస్తాయి, రెండోసారి అరిగించుకుని పోషకాలు తీసుకుంటాయి. ఇంకో తేడా వాతావరణం. ఓల్నీలో చలి బాధ, మన దగ్గర ఎండ బాధ. ఇవి మన లెక్క చెమట పట్టించుకోలేవు, చెవుల గుండానే వేడిని వదులుకుంటాయి. నీడ, గాలి, తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా పక్కన లేకుంటే మన మే నెలలో ప్రాణం పోతది. ఒక పూట, రోజు తినకుండా ఉన్నదంటే రేపు చూద్దాం అనొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి. చెవులు పట్టి ఎత్తుడు అసలే వద్దు.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. కూపర్ సాకినవి అడవి చెవులపిల్లులు. మనం అంగట్లో కొనే తెల్ల కుందేలు వేరే జాతి. అది పుట్టినప్పుడు బొచ్చు లేకుండా కండ్లు మూసుకుని ఉంటది. చెవులపిల్లి పిల్ల బొచ్చుతో, కండ్లు తెరిచి, ఆరుబయట గడ్డిలో పుడుతది. జగిత్యాల దిక్కు కోతలప్పుడు గానీ, ఆదిలాబాద్ దిక్కు జన్నారం, ఉట్నూరు చేన్లలో గానీ ఒంటరిగా పిల్ల కనబడితే తల్లి వదిలిపోయిందని అనుకోవద్దు. తల్లి దూరంగా ఉండి చీకటి పడ్డాక వచ్చి పాలిస్తది. దాన్ని ఉన్నకాడనే వదలాలి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి చెవులపిల్లిని పట్టుడు, ఇంట్లో పెంచుడు నేరం. కూపర్ కాలంలో జంతువుల కోసం చట్టమే లేదు. ఇంగ్లండ్‌లో పశువుల మీద క్రూరత్వాన్ని ఆపే మొదటి చట్టం 1822లో వచ్చింది. ఆయన ఉత్తరం అచ్చయిన ముప్పై ఎనిమిదేండ్లకు.

ఊరంతా ఉరికిన రాత్రి

1780 ఆగస్టులో ఒకరోజు పస్ కిటికీ జాలీ తాళ్లు కొరికి బయటికి దుంకింది. కూపర్ మంచి ఉరుకుడుగాడైన రిచర్డ్ కోల్‌మన్‌ను వెంట పంపాడు. ముందు చెవులపిల్లి, వెనక రిచర్డ్, ఆ వెనక ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, కుక్కలు. ఊరు ఊరంతా పరుగు. అది తోళ్లు నానబెట్టే చోటికి పోయి నీళ్ల గుంతలో పడింది. ఒక గుంతలోంచి లేచి ఇంకో గుంతలో పడుతూ, మునిగిపోబోతుంటే ఒక పనివాడు చెవులు పట్టి బయటికి లాగాడు. బొచ్చుకంటిన సున్నం పోయేట్టు బకెట్ నీళ్లల్లో కడిగి, గోనె సంచిలో వేసి రాత్రి పదింటికి ఇంటికి తెచ్చారు. ఖర్చు నాలుగు షిల్లింగులు. పైసలిచ్చినందుకు ఆయనకు ఏ బాధా లేదు.

ఇంకో తమాషా 1784 ఎన్నికలప్పటిది. ఓట్లడుగుతూ గ్రెన్‌విల్ అనే అభ్యర్థి మందితో వచ్చాడు. అప్పుడే పస్‌ను పెట్టెలోంచి వదిలారు. ముందు తలుపు తీస్తే అది పారిపోతది. అందుకని నాయకుడిని వెనక తలుపు నుంచి రమ్మన్నారు. తీరా కూర్చోబెట్టి అడిగితే కూపర్‌కు ఓటే లేదు. ఆ గ్రెన్‌విల్ తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ప్రభుత్వమే 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. 1788లో ఆ వ్యాపారం మీద జనం నోళ్లలో నానే పద్యాలు రాసి కదిలించినవాళ్లలో కూపర్ ఒకడు. ఒక బానిస తానే మాట్లాడుతున్నట్టు రాసిన ఆయన పద్యం ఊరూరా తిరిగింది. చెవులపిల్లి నొప్పి తెలిసినవాడికి మనిషి నొప్పి తెలవకుండా ఉంటదా?

పెట్టెల నుంచి పద్యాల దాకా

చెవులపిల్లుల తర్వాత ఒక్కొక్కటిగా పనులు పెరిగాయి. తోటపని, వడ్రంగం, బొమ్మలు గీయుడు, చివరికి మళ్లీ కవిత్వం. మేరీ ప్రోత్సాహంతో రాసిన మొదటి కవితా సంపుటి 1782లో వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై. అదే ఏడు, లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు ఈయన దిగులు చూడలేక ఒక పాత కథ చెప్పింది. రాత్రంతా నవ్వి తెల్లారేసరికి దాన్ని పద్యం చేశాడు. అదే జాన్ గిల్పిన్. ఆమే ఒకరోజు దేని మీద రాయనని అడిగితే సోఫా మీద రాయమన్నది. ఆట కోసం మొదలైన ఆ సోఫా పద్యం 1785లో ది టాస్క్ అనే పెద్ద కావ్యమైంది. ఆయనకు పేరు తెచ్చింది అదే. అందులో సరదా కోసం చేసే వేటను ఖండిస్తూ, తన ఇంట్లో తలదాచుకున్న చెవులపిల్లిని తలుచుకున్నాడు. వేట మగతనానికి గుర్తుగా చెలామణి అయ్యే దేశంలో అట్ల రాయాలంటే ధైర్యం కావాలె.

టైనీ తొమ్మిదో ఏట పోయింది. జీవితమంతా కొరికిన ఆ జీవి మీద ఆయన స్మృతిపద్యం రాశాడు. పస్ మాత్రం 1786 మార్చి 9న, పదకొండేండ్ల పదకొండు నెలలు బతికి, ముసలితనంతో, నొప్పి లేకుండా కన్నుమూసింది. ఆ తేదీ, వయసు రాసిపెట్టిన చీటీ కూపర్ పోయినంక ఆయన కాగితాల్లో దొరికింది. ఇంటి మనిషి పోతే రాసుకున్నట్టు రాసుకున్నాడు.

ఆఖరి ఏండ్లు

ఇక్కడితో అంతా బాగైందని రాస్తే కథ అందంగా ఉంటది కానీ అది నిజం కాదు. అదే 1786లో ఓల్నీ వదిలి పక్క ఊరికి మారారు. 1791లో హోమర్ ఇలియడ్, ఒడిస్సీల అనువాదం పూర్తి చేశాడు. కానీ మేరీకి పక్షవాతం వచ్చింది. ఇన్నేండ్లు తనను సాకిన మనిషిని ఇప్పుడు తాను సాకాల్సి వచ్చింది. సాకాడు, కానీ ఆమె కుంగుతున్న కొద్దీ తానూ కుంగిపోయాడు. 1794లో రాజు ఏడాదికి మూడు వందల పౌండ్ల పెన్షన్ ఇచ్చాడు. అప్పటికి అది చూసి సంతోషించే స్థితిలో ఆయన లేడు. 1795లో చుట్టాలు ఇద్దరినీ నార్ఫోక్‌కు తీసుకపోయారు. 1796 డిసెంబర్‌లో మేరీ చనిపోయింది. 1799లో సముద్రంలో పడి ఓడకు దూరమైపోయిన నావికుడి మీద ఆఖరి గొప్ప పద్యం రాశాడు. అందులో మునిగేవాడు తానే. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డెరెహామ్‌లో కన్నుమూశాడు.

కాబట్టి చెవులపిల్లి ఆయన జబ్బును నయం చేసిందని నేను అనను. జబ్బుకు డాక్టర్ కావాలి, మనుషులు కావాలి. కాటన్, న్యూటన్, మేరీ లేకుంటే ఈ జీవితమే లేదు. చెవులపిల్లులు చేసిన పని వేరు. పొద్దున లేవడానికి ఒక కారణం ఇచ్చాయి. ఏ విలువా లేనివాడినని నమ్మే మనిషికి, పాత్ర కడగాలి, ఆకులు తేవాలి, పెట్టె ఆరబెట్టాలి అనే పనులు రోజూ ఉండేవి. 1774 నుంచి 1786 వరకు, అవి ఇంట్లో ఉన్న ఆ పన్నెండేండ్లలోనే ఆయన చీకటి నుంచి లేచి కవి అయ్యాడు.

పస్ ఇచ్చిన ప్రేమ సంగతి అందరూ చెప్తారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది టైనీ. ఏండ్ల తరబడి ఒక్కసారి కూడా చేయి నాకని జీవికి, రోజూ తన చేత్తో తిండి పెట్టి, పోయినంక దాని కోసం పద్యం రాసిన మనిషి. దేవుడు తనను వదిలేశాడనుకున్నవాడు తనను కొరికేదాన్ని మాత్రం వదలలేదు. ఎవరినైనా ఏదైనా సాకుతున్నప్పుడు అది తిరిగి మనను ప్రేమిస్తదా లేదా అని లెక్క వేసుకునే మనకు ఇది గట్టి సమాధానం.

ఓల్నీలో ఆయన ఉన్న ఇల్లు 1900 నుంచి మ్యూజియంగా ఉన్నది. కూపర్, న్యూటన్ ఇద్దరి పేరా నడుస్తున్నది. బకిల్స్ పిల్లాడి పేరు చరిత్రలో ఎక్కడా లేదు. పస్, టైనీ, బెస్‌ల పేర్లు మాత్రం రెండు వందల నలభై ఏండ్ల తర్వాత, ఇంత దూరాన కరీంనగర్‌లో ఒక బీటెక్ స్టూడెంట్ టైప్ చేస్తే, ఇదిగో ఇప్పుడు మీరు చదివారు.